అమ్మ ప్రార్థనలో మా నలుగురి పేర్లు

సహోదరులారా, సహోదరీలారా, నా చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పిన రోజునే నేను ఎక్కువ భయపడ్డాను. చెవిలో జబ్బు ఉంటే మందు ఉంటుంది. జబ్బేమీ లేకుండానే ఒక మనిషికి పాట పాటలా, మాట మాటలా వినిపించకుండా పోతే అతడు ఎక్కడికి వెళ్ళాలి? నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక సౌండ్ స్టూడియోలో పనిచేస్తాను. సినిమాలో నటులు డబ్బింగ్ చెప్పిన మాటలు, నడకల చప్పుళ్ళు, గాలి, వాన, వీటన్నిటినీ ఒకదానిపక్కన ఒకటి పేర్చి బొమ్మకు సరిగ్గా కుదిర్చి పెట్టడం నా పని. అంటే దేవుడు నాకు అన్నం పెట్టింది ఈ చెవులతోనే, ఆ చెవులే నన్ను విడిచిపెట్టి పోయాయి! కుర్చీలో కూర్చుని అదే సీను మళ్ళీ మళ్ళీ వేసుకునేవాణ్ణి, పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది, రెండూ కలిశాయో లేదో నాకు తెలిసేది కాదు, అద్దానికి అవతల వాన పడుతుంటే చూస్తున్నట్టు ఉండేది.

ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాబట్టి శబ్దం తెగిపోతే వైరు మొదటి నుంచి పట్టుకుని వెతకడం నాకు అలవాటు. ఈ సాక్ష్యాన్ని కూడా అలాగే మొదటి నుంచి చెబుతాను. మొదలు చాలా సంతోషమైనది, దాన్ని దాచుకుంటే అబద్ధమవుతుంది.

నా పేరు ఎలీషా. మా నాన్న బర్నబాసు షూటింగుల్లో లైట్‌మన్, మా అమ్మ సుగుణమ్మ సినిమావాళ్ళకు బట్టలు కుట్టే టైలరు. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ బస్తీలో సంసారం పెట్టారు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకు ముగ్గురు స్నేహితులు దొరికారు. రహమత్ నగర్ నుంచి వచ్చే నరేష్, టోలిచౌకి నుంచి వచ్చే ఇమ్రాన్, జూబ్లీహిల్స్‌లో పెద్ద గేటున్న ఇంటి నుంచి వచ్చే వంశీ. కాలేజీ అయిపోగానే నలుగురం కృష్ణానగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉండే గేమింగ్ సెంటర్‌కు పరుగెత్తేవాళ్ళం. ఇరుకు మెట్లు, కింద నుంచి మిరపకాయ బజ్జీల వాసన, వరుసగా కంప్యూటర్లు, ఊడిపోయిన కుర్చీ చేతులు! ఎవరికి మంచి కుర్చీ దొరుకుతుందా అని తోపులాట. నలుగురు ఒక జట్టుగా దిగి ఎదుటి జట్లన్నిటినీ దాటి ఆఖరి దాకా నిలబడాల్సిన ఆట అది. ఆటలో ఒకడు చనిపోతే వాడు లేచి వచ్చి ఇంకా బతికున్నవాడి కుర్చీ వెనక నిలబడి వాడి భుజాలు పట్టుకునేవాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. నరేష్ చేతులు మరీ గట్టివి, నేను గెలిచినా ఓడినా భుజాలు మాత్రం నొప్పి పెట్టేవి.

"అరే, ఆట ఆడుతున్నవా, ప్రసంగం ఇస్తున్నవా రా? దుష్మన్ వచ్చి నెత్తిన కూసున్నడు, ఇంకా నిదానంగ చెప్తవేంది!" అని ఇమ్రాన్ నన్ను ఆటపట్టించేవాడు. నేను ఏ సంగతైనా ముందు ఎడమ, తర్వాత కుడి, తర్వాత వెనక అని క్రమంగా చెప్పేవాణ్ణి. కరెంటు పోతే సెంటర్ అంతా ఒక్కసారిగా "అబ్బా" అని అరిచి, తర్వాత అందరం మెట్ల మీద కూర్చుని కరెంటు వచ్చేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆటకన్నా ఆ కరెంటు పోయిన సాయంత్రాలే నాకు ఎక్కువ జ్ఞాపకం ఉన్నాయి, మెట్ల మీద ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతూ, ఎవరి ఇంట్లో ఏం వండారో చెప్పుకుంటూ, రేపటి గురించి ఏ బెంగా లేకుండా. దేవుడు ఆ స్నేహాన్ని నాకు ఇచ్చినందుకు స్తోత్రం!

చదువులు అయ్యాయి. సెంటర్ మూతపడింది. ఎవరింట్లో వాళ్ళం ఫోన్‌లోనే అదే రకం ఆట ఆడటం మొదలుపెట్టాం, హెడ్‌సెట్ పెట్టుకుంటే నలుగురి గొంతులూ పక్కనే ఉన్నట్టు వినిపించేవి. ఈ ఆటలో శత్రువు కనిపించకముందే అతని అడుగుల చప్పుడు వినిపిస్తుంది, అది ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకున్నవాడిదే గెలుపు. స్టూడియోలో చెవి పని చేసేవాణ్ణి కదా, నాకది సులువుగా దొరికేది. అందుకని నన్ను జట్టుకు చెవిగా పెట్టారు. నేను వినాలి, చెప్పాలి, మిగతావాళ్ళు నేను చెప్పిన వైపు తిరగాలి. ఒకటి రెండు చిన్న పోటీలు గెలిచాం. ఇంక పెద్ద పోటీకి అర్హత సంపాదించాలనుకున్నాం. అప్పటి నుంచి ఆటకు టైము వచ్చింది, ప్రాక్టీసు వచ్చింది, తప్పులు ఎవరివో తేల్చుకునే మీటింగులు వచ్చాయి. స్టూడియో నుంచి ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే హెడ్‌సెట్ పెట్టుకునేవాణ్ణి.

ఆదివారం సెలవు కదా అనుకుంటారేమో, అది ఇంకా పొడుగు ప్రాక్టీసు రోజు. చిన్నప్పటి నుంచి సంఘంలో ఢోలక్ వాయించిన నేను, పాటలు మొదలుకాకముందే వెళ్ళి సౌండ్ బాక్సులు సర్ది మైకులు చూసే నేను, మెల్లగా ఆరాధన మధ్యలో లేచి వచ్చేయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత సంతోషం నాకు తెలియకుండానే ఎప్పుడో వెళ్ళిపోయింది. గెలిస్తే "హమ్మయ్య, అయింది" అనిపించేది, ఓడితే "అయ్యో, రేపు మళ్ళీ" అనిపించేది, అంతే తప్ప నవ్వు వచ్చేది కాదు. బొటనవేళ్ళు తిమ్మిరెక్కేవి. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేవాణ్ణి. బస్తీలో ఎవరైనా మెట్లెక్కి వస్తుంటే వాళ్ళెవరో ఆలోచించకుండా, ఎడమ వైపు, దగ్గరలో, ఒక్కడే, అని లెక్కకట్టేవాణ్ణి. అమ్మ ఏదో అడిగేది, నాకు గొంతు వినిపించేది, ప్రశ్న చేరేది కాదు. చివరికి ఏ శబ్దమూ లేకుండానే హెడ్‌సెట్ తగిలించుకుని తిరిగేవాణ్ణి, ఎవరూ పలకరించకుండా ఉంటారని!

ఒకసారి ఆటలో నా వెనక నుంచే శత్రువులు వచ్చారు, నేను చెప్పలేదు, నలుగురం పోయాం. "వింటలేవా ఎలీ? ఇగ నిన్ను ఎర్రగడ్డకు తోలుడే" అన్నాడు నరేష్. ఎర్రగడ్డ అంటే మా హైదరాబాదులో మానసిక వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి గుర్తుకొస్తుంది, ఎవరు కాస్త తేడాగా ఉన్నా జనం ఆ మాటే అంటారు. అందరం నవ్వాలి కదా. ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు.

స్టూడియోలో మా పెద్దాయన రమణ గారు, నాకు పని నేర్పిన గురువు, నేను పూర్తి చేసిన ఒక సీను చూస్తూ మధ్యలోనే ఆపేశారు. అందులో నాయిక పెదవులు ఆగాక కూడా ఆమె గొంతు నడుస్తూనే ఉంది, కొత్తగా చేరినవాడు కూడా పట్టుకోగలిగిన తప్పు. "ఎలీషా, నువ్వు కుర్చీలోనే ఉన్నావు, నీ చెవి మాత్రం ఇక్కడ లేదయ్యా. కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. చెవి వెనక్కొస్తే ఈ కుర్చీ నీదే. రాకపోతే నేను వేరేవాళ్ళని చూసుకోవాలి, నా పని ఆగదు కదా" అన్నారు. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అప్పుడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరీక్షలన్నీ చేసి, "చెవికేమీ కాలేదు బాబూ, మనిషే అలిసిపోయాడు. ఆ హెడ్‌సెట్ పక్కన పెట్టి కొన్నాళ్ళు మనసుకు విశ్రాంతి ఇవ్వు. మనసు డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకో" అన్నాడాయన.

మరి ఎందుకు ఆపలేదని అడుగుతారు. సహోదరులారా, ఇది నేను చాలాసార్లు ఆలోచించాను. ఆట మీద ఇష్టంతో కాదు, ఇష్టం ఎప్పుడో పోయింది. అర్హత పోటీ దగ్గరికొచ్చింది, నేను ఆగితే ముగ్గురు ఆగిపోతారు, వాళ్ళ కలను నా చేతులతో చంపినట్టు అవుతుంది, ఆ మెట్ల మీద నాతో కూర్చున్నవాళ్ళకు నేను అంతటి ద్రోహం చేయగలనా? ఆ ఒక్క ఆలోచన నన్ను ప్రతి సాయంత్రం ఆ హెడ్‌సెట్ దగ్గరికి ఈడ్చుకుపోయేది.

అలాంటి సమయంలో గృహకూడిక మా ఇంటి వంతుకు వచ్చింది. మన సంఘంలో స్త్రీలు శుక్రవారం సాయంత్రం ఒక్కొక్క ఇంట్లో కూడుకుని పాటలు పాడి ప్రార్థన చేస్తారు కదా, ఎవరి ఇల్లు ఎంత చిన్నదైనా వంతు తప్పించరు. మాది ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో అమ్మ కుట్టిన కర్టెన్. "పాటలకు మ్యూజిక్ కావాలి నాన్నా, ఆ చిన్న స్పీకరు పెట్టి ఇవ్వు" అని అమ్మ అడిగింది. వైరు లేకుండా బ్లూటూత్‌తో పనిచేసే స్పీకరు, అందులోనే మైకు కూడా ఉంటుంది. నా ఫోన్‌తో కలిపి పాట వేసి చూశాను, బాగానే వచ్చింది. తర్వాత అమ్మ ఫోన్‌తో కూడా కలిపాను. నా ఫోన్ నుంచి దాన్ని విడదీయాలి. ప్రాక్టీసు వేళ అయిపోతోందన్న తొందరలో విడదీయలేదు. పైగా హెడ్‌సెట్ ఆగిపోతే ఫోన్ తనంతట తానే ఇంకో స్పీకరును వెతుక్కునేలా అంతకుముందే నేనే అమర్చి పెట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన అమరిక అది!

ముందు గదిలో చాపలు పరిచారు. స్త్రీల కూడికను నడిపించే దీవెనమ్మ గారు, వయసులో పెద్దామె, గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను వెనక గదిలో కర్టెన్ వేసుకుని ఆటలోకి దిగాను. పాట అయిపోయింది, అమ్మ ఫోన్ ఆగి స్పీకరు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే నా హెడ్‌సెట్‌లో చార్జింగ్ అయిపోయి గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఒక క్షణం అలాగే కూర్చుండిపోయాను. తెర మీద ముగ్గురి పేర్ల పక్కనా మైకు గుర్తు వెలుగుతోంది, మాట్లాడుతూనే ఉన్నారు, నాకు మాత్రం వినిపించడం లేదు. వినిపించింది ముందు గదికి!

"ఓ భాయ్, ఛత్ మీద ఉన్నడు, మేడ మీద! ఏసెయ్, ఏసెయ్! ఎలీ, ఏడ సచ్చినవ్ రా, జర చెప్పు!"

దేవుని సన్నిధిలో మోకరించబోతున్న స్త్రీల మధ్య నరేష్ గొంతు పూర్తి శబ్దంతో మోగింది. "అయ్యో రామ... కాదు, ప్రభువా, ఎవరే అది!" అని ఎవరో అరిచారు. తలుపు దగ్గర కూర్చున్న ఒకావిడ నిజంగానే బయటికి వెళ్ళి మేడ మీదకు చూసి వచ్చింది. "మేడ మీద ఎవరూ లేరండీ" అని చెప్పింది కూడా. స్పీకరును విడదీయడానికి నేను ఫోన్‌లో బ్లూటూత్ మీట వెతుకుతున్నాను. అంతలో అమ్మ గొంతు వినిపించింది. ఆమె ఏమీ ఆపలేదు. ఆ అరుపులు తన కొడుకు ఆటలోవేనని ఆమెకు తెలుసు. ఆ స్పీకరు ముందే మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, వింటున్నావా ఆ అరుపులు? నా బిడ్డ నోట నేను రోజూ వినేవి ఇలాంటివేనయ్యా. నా బిడ్డకు పేరు రావాలని అడగట్లేదు. వాడు గదిలో కూర్చుని గంటలకు గంటలు మాట్లాడతాడు, అందులో ఒక్క నవ్వు వినపడదు. వాడి నవ్వు వాడికివ్వు ప్రభువా. వాడితో ఆడే ఆ కుర్రాళ్ళ పేర్లు నాకు సరిగా తెలియవు. వాళ్ళ అమ్మలు కూడా నాలాగే తలుపు అవతల నిలబడి ఉంటారేమో. పేర్లు తెలియకపోయినా వాళ్ళని కూడా నీ దగ్గరికి తెస్తున్నాను, వాళ్ళూ అలిసిపోయి ఉంటారు, కాస్త పడుకోనివ్వు తండ్రీ, కాస్త నవ్వనివ్వు..."

స్పీకరులో మైకు ఉందని చెప్పాను కదా. ఆ ప్రార్థన రహమత్ నగర్‌కు, టోలిచౌకికి, జూబ్లీహిల్స్‌కు వెళ్ళింది. తెర మీద మా నలుగురి బొమ్మలూ ఒక పొలం మధ్యలో కదలకుండా నిలబడిపోయాయి. ఎవరో వచ్చి మమ్మల్ని నలుగురినీ ఒక్కొక్కరిగా కాల్చేశారు. ఎవరమూ తిరిగి కాల్చలేదు.

అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు స్పీకరులో నరేష్ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి చాలా చిన్నగా. "అమ్మా, నేను నరేష్‌ని. ఎలీషా దోస్తుని. మాక్కూడ నవ్వొస్తలేదమ్మా. జర నా పేరు గూడ చెప్పురి దేవునికి."

అమ్మ స్పీకరు దగ్గరికి వంగింది. "చెప్తాను నాయనా. ఇంకెవరున్నారు అక్కడ?" అంది అమ్మ, పక్కింటి పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు.

"ఇమ్రాన్ అమ్మీ."

"నేను వంశీని ఆంటీ. సారీ ఆంటీ, డిస్టర్బ్ చేశామండీ."

సహోదరులారా, నేను కర్టెన్ పక్కకు జరుపుకుని బయటికి వచ్చాను. మెడలో ఆగిపోయిన హెడ్‌సెట్ వేలాడుతూనే ఉంది. అమ్మ పక్కన మోకాళ్ళు వేశాను. ఆమె మా నలుగురి పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి పలికింది, దీవెనమ్మ గారు నా తల మీద చెయ్యి పెట్టారు, స్త్రీలందరూ ఏకంగా ప్రార్థించారు. నేను ఎంత ఏడ్చానో నాకు తెలియదు. నా చెవులు ఆ రోజు తెరుచుకోలేదు, అలా జరిగిందని చెబితే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. కానీ ఎన్నాళ్ళుగానో బిగిసిపోయిన ఒక ముడి అక్కడ వదులయ్యింది.

ఆమేన్ అన్నాక స్పీకరు దగ్గరికి జరిగాను. నేనే ముందు నోరు తెరిచాను. "నాకు ఈ ఆట వద్దురా. చాలా రోజులుగా వద్దు. మీ కోసమే వస్తున్నాను."

"ఏందీ?" అన్నాడు నరేష్. "నేను నీ కోసం వస్తున్న కదరా! నువ్వు ఫీల్ అయితవని!"

"నేనైతే మీరు ముగ్గురూ సీరియస్‌గా ఉన్నారని మానలేకపోయాను" అన్నాడు వంశీ.

"అరే యార్, నాకు ఎప్పట్నుంచో బంజేస్కోవాలని ఉంది, చెప్తే గాలి తీస్తరని సప్పుడు చేస్తలేను" అన్నాడు ఇమ్రాన్.

కూడికకు వచ్చిన స్త్రీలందరూ టీ గ్లాసులు పట్టుకుని ఇదంతా వింటున్నారు. దీవెనమ్మ గారు తల ఆడించి, "అంటే ఎవరికీ ఇష్టం లేని పెళ్ళికి నలుగురూ ముస్తాబై రోజూ వెళ్తున్నారన్నమాట!" అన్నారు. ముందు నరేష్ నవ్వాడు, తర్వాత ఆ స్పీకరు పగిలిపోయేలా ముగ్గురూ నవ్వారు, చాపల మీదున్న ఆడవాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. దేవునికే మహిమ! మేము అర్హత పోటీ నుంచి తప్పుకున్నాం.

అయితే నా కుర్చీ సంగతి తేలలేదు. నవ్వు వచ్చింది కానీ చెవి రాలేదు. మేము ఎగతాళికి వాడుకున్న ఆ ఎర్రగడ్డకే నాన్నను తోడు తీసుకుని వెళ్ళాను. అక్కడ ఒక డాక్టరమ్మ నేను చెప్పిందంతా ఓపికగా విని, "సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎక్కువ పని చేసిన కండరం నొప్పి పెడుతుంది, మనసైనా అంతే" అని చెప్పి నిద్రకూ తిండికీ ఒక పద్ధతి పెట్టింది. ప్రార్థన చేసేవాళ్ళం డాక్టరు దగ్గరికి ఎందుకు అనే సహోదరులకు ఒక మాట. ఆ డాక్టరమ్మను అక్కడ కూర్చోబెట్టింది కూడా దేవుడేనని నేను నమ్ముతున్నాను.

ఆ రోజులు కష్టంగానే గడిచాయి. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు ఫోన్ కోసం వెతికేవి. వేరే జట్టువాళ్ళు, ఆటలో నా చెవి చురుకు గురించి ఇంతకుముందు విన్నవాళ్ళు, రమ్మని కబురు పెట్టారు. పోదామా అనిపించింది, నిజమే. ఆ సాయంత్రం ఇమ్రాన్‌కు ఫోన్ చేసి ఆ మాట చెప్పేశాను. వాడు ఏ ఉపదేశమూ చేయలేదు, "ఆడనే ఉండు, వస్తున్న" అని టోలిచౌకి నుంచి బండేసుకుని వచ్చి, మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని అమ్మ పెట్టిన ఉప్మా తిని, "కారం తక్కువైంది అమ్మీ" అని వంక పెట్టి వెళ్ళాడు. ఆ కబురుకు నేను మళ్ళీ జవాబివ్వలేదు.

మా నాన్న మాటలు తక్కువ మనిషి. ఉదయాన్నే షూటింగుకు వెళ్ళేముందు నన్ను మేడ మీదికి తీసుకుపోయి, పక్కన కూర్చుని, ఊరికే ఉండేవాడు. మా మేడ మీది నుంచి చూస్తే కింద బస్తీ రేకులు, ఎదురుగా జూబ్లీహిల్స్ రాళ్ళ గుట్టల మీద పెద్ద ఇళ్ళు కనిపిస్తాయి. ఒక ఉదయం నాకు ఓపిక నశించింది. రమణ గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, మర్నాడు వచ్చి కనబడమన్నారు. రేపు ఏమవుతుందోనని భయం. కళ్ళు మూసుకుని పైకే ప్రార్థించాను.

"ప్రభువా, నాకు వినపడకపోతే పోనీ. ఆ కుర్చీ పోతే పోనీ. నేను అందరి కోసం వినీ వినీ అలిసిపోయాను. ఇప్పుడు నువ్వు నన్ను విను, అది చాలు నాకు."

అంతే ప్రార్థన. నాన్న "ఆమేన్" అన్నాడు. నేను అలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నాను, దేనికోసమూ చెవి పెట్టలేదు. అప్పుడు దగ్గరగా నాన్న ఊపిరి వినిపించింది, దాని వెనక పక్కింట్లో ఇత్తడి బిందె నేల మీద పెట్టిన చప్పుడు, ఇంకా వెనక నీళ్ళ ట్యాంకరు ఎత్తు ఎక్కలేక మూలుగుతున్న ఇంజను, అన్నిటికన్నా దూరంలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు. ఒకదానివెనక ఒకటి, ఏది దగ్గర, ఏది దూరం, అన్నీ విడివిడిగా, శుభ్రంగా! వాటిలో ఒక్కటి కూడా శత్రువు కాదు. "నాన్నా, ట్యాంకరు వస్తోంది" అన్నాను. "అవునురా, రోజూ వస్తుంది" అన్నాడు నాన్న. ఆయనకు నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తువ్వాలుతో తన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. హల్లెలూయా! మొరపెట్టినవాణ్ణి ఆయన వింటాడు సహోదరులారా, వింటాడు!

మర్నాడు స్టూడియోకు వెళ్ళాను. రమణ గారు ఏమీ అడగకుండా ఒక సీను వేశారు. పెళ్ళయిన ఆడపిల్ల తలుపు దగ్గర నిలబడి తల్లితో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతుంది. చూసి, "సర్, రెండో మాటకు ముందు ఆ అమ్మాయి నిజంగా ఊపిరి తీసుకుంది, ఛాతీ కదిలింది. మనం ఆ ఊపిరి కోసేశాం. అది ఉంచితే ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తుంది" అన్నాను. ఆయన వెనక్కి తిప్పి చూశారు, మళ్ళీ చూశారు. తర్వాత తను కూర్చున్న కుర్చీలోంచి లేచి, "కూర్చోవయ్యా, మిగతావి కూడా చూడు" అన్నారు. ఆ కుర్చీలో కూర్చునేముందు మనసులో రెండు మాటల స్తోత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆదివారం ఆరాధన పూర్తయ్యేదాకా సంఘంలోనే ఉంటాను, ఢోలక్ మళ్ళీ నా చేతికి వచ్చింది. ఆ ఆటను నేను ద్వేషించడం లేదు. కృష్ణానగర్ వైపు వెళితే, మా పాత గేమింగ్ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్మే దుకాణం ముందు బండి ఆపి కాసేపు ఆ మెట్ల వైపు చూస్తాను, మనసు తీయగా అవుతుంది. నరేష్ అప్పుడప్పుడు సరదాకి ఆడుతున్నాడు, విసుగొస్తే ఆపేస్తున్నాడు. ఎవరి విశ్వాసం వాళ్ళదే, నా స్నేహితులను నేను మార్చేశానని గొప్పలు చెప్పుకోను. వాళ్ళ పేర్లు మాత్రం అమ్మ ప్రార్థనలో ఉన్నాయి, ఆ సంగతి వాళ్ళకు తెలుసు, "ఈ శుక్రవారం చెప్పినవా అమ్మా?" అని నరేష్ ఫోన్ చేసి మరీ అడుగుతాడు.

ఇది చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇష్టం పోయినా ఇతరుల కోసం ఏదో ఒకటి మోస్తూ మీరు అలిసిపోయి ఉంటే, ఆ మాట ఒక్కసారి పైకి అనండి, మీ స్నేహితుడితో అనండి, డాక్టరుతో అనండి, అన్నిటికన్నా ముందు యేసు ప్రభువుతో అనండి, అలిసినవాణ్ణి ఆయన ఎన్నడూ తిట్టి పంపలేదు. మూసిన తలుపుల అవతల నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటున్న తల్లులారా, మీకు నా చేతులు జోడించి ఒక మనవి. మనసులోనే ప్రార్థించి ఊరుకోకండి, కాస్త గట్టిగా ప్రార్థించండి. దేవుడు ఎలాగూ వింటాడు. ఆయనతోపాటు ఇంకెవరు వింటున్నారో మనకు తెలియదు.

నన్ను విని నాకు వినికిడినిచ్చిన ఆ దేవునికే మహిమ, ఇప్పుడూ ఎల్లప్పుడూ. ఆమేన్.